అమ్మమ్మ చేతిలో తేనెపీక
ఏడ్చే బిడ్డ నోట్లో తేనెపీక పెట్టిన అమ్మమ్మను తప్పుపట్టడం నాకు చేతకాదు. కోనసీమలోని నగరం, మామిడికుదురు, రాజోలు ఊళ్ల చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి పిల్లల్నో ఆడిస్తుంటే, ఆమె బిడ్డను నిద్రపుచ్చే పని అమ్మమ్మ మీద పడుతుంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ చీర ఉయ్యాల ఎంతసేపని ఊపుతుంది? చప్పరించడం పసివాళ్లకు పుట్టుకతో వచ్చిన అవసరం; పాలు రాకపోయినా అది వాళ్లకు ఊరటే. తల్లిపాలు తాగే పిల్లలకు పీకలే వద్దని 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అన్నాయి. 2018కి వచ్చేసరికి ఆ మాటను మెత్తబరిచి, వాటి వాడకం, ప్రమాదాలు తల్లికి వివరించమన్నాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే, తల్లిపాలు కుదురుకున్నాక నిద్రవేళ పీక ఇవ్వమనే చెబుతోంది, పసివాళ్లు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ముప్పు తగ్గుతుందని. నేను ససేమిరా ఒప్పుకోనిది దాన్ని తేనెలో ముంచి పెట్టడం. ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడదు. అందులో ఉండగల బొటులిజం సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. పీకను తాడుతో మెడకు కట్టడమూ ప్రమాదమే. ఆకలేసి ఏడ్చినప్పుడు కూడా పీకే పెట్టడం మరో పొరపాటు, ముందు పాలు పట్టాలి కదా! రెండు మూడేళ్లు దాటినా మానకపోతే పళ్ల వరస చెడుతుంది. మాన్పించడానికి వేపాకు రసం పూసేవాళ్లున్నారు, పాపం ఆ బిడ్డ! పగలు దాచేసి రాత్రికి మాత్రమే ఇస్తూ, నెమ్మదిగా అదీ తీసేస్తే సరిపోతుంది.