రొట్టెకు తోడు

ఈ మారు ఛందస్సు కాదు, రొట్టె. ముప్పై అయిదేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పినవాడు పిండి పిసుకుతున్నాడని విని పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులోనే నవ్వాడు. నవ్వనీయండి.

2019లో శ్రీమతీ నేనూ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మా అమ్మాయి ఇంట మూడు నెలలున్నాము. సౌర్‌డో రొట్టె మొదట తిన్నది అక్కడే. పైపెచ్చు కరకర, లోపల మెత్తన, నాలుకపై సన్నని పులుపు. ఆ పులుపు తమ ఊరి పొగమంచు ప్రసాదమని అక్కడివారి గర్వం. 1971లో ఆ పిండిలోని ఒక సూక్ష్మజీవిని వర్ణించిన శాస్త్రజ్ఞులు దానికి ఊరి పేరే పెట్టారు. తీరా చూస్తే అదే జీవి ఐరోపా దేశాల పులిసిన పిండిలోనూ కనబడింది! ఊరి మహిమ మీద నాకు నమ్మకం సడలి, మన ఊళ్ళో మాత్రం ఎందుకు రాదనిపించింది.

ఆ పులిసిన పిండిని మా అమ్మాయి ‘స్టార్టర్’ అంటుంది. మోటారు సైకిలుకు చెప్పినట్లున్న ఆ మాట నాకు రుచించలేదు. కాచిన పాలలో వేసేదాన్ని మనం ఏమంటాము? తోడు. కొన్ని సీమలలో చేమిరి. నిన్నటి పులుపును రవంత దాచి నేటిదానిలో కలపడమే రెండింటా జరిగే పని. కనుక ఇది పిండితోడు. నిఘంటుకారులు ఒప్పుకున్నా మానినా నేనిట్లే వ్రాస్తాను.

గోధుమపిండి, నీళ్ళు సమానమైన తూకంలో గాజుసీసాలో కలిపి, రోజూ కొంత తీసివేసి కొత్త పిండీ నీళ్ళూ చేర్చాలి. వారం పడుతుందన్నారు. మా కాకినాడ ఎండకు అయిదవనాటికే పొంగి మూతను తోసింది. తీసిన పిండిని పారవేయమని వ్రాస్తారు, అది నావల్ల కాదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి చేర్చి అట్లు పోసుకుంటున్నాను. అట్లే బాగున్నాయని కూడా చెప్పాలి.

500 గ్రాముల పిండికి 350 గ్రాముల నీళ్ళు, 100 తోడు, 10 ఉప్పు. మన ఆటాకు నీరు మరికొంత పడుతుంది. చలిదేశపు లెక్క నమ్మి మొదటిసారి రాత్రంతా బయట ఉంచాను. తెల్లవారేసరికి జావ! పులుపు మితిమీరితే పిండి పట్టు విడిపోతుంది. ఇప్పుడు నాలుగు గంటలు బయట, రాత్రికి ఫ్రిజ్‌లో. ఉదయం మూత ఉన్న ఇనుప పాత్రలో 230 డిగ్రీల వేడి. చల్లారకుండా కోయరాదు. అన్నిటికన్నా కష్టమైన నియమం అదే.

ఇది పరదేశపు తిండి అని ముక్కు విరిచేవారితో నాకు పేచీ ఉంది. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగేదీ ఈ జాతి సూక్ష్మజీవుల వల్లనే. అక్కడ గాలిని మినుముల జిగురు పట్టి ఉంచుతుంది, ఇక్కడ గోధుమలోని గ్లూటెన్.

అంతకన్నా పెద్ద పేచీ అమ్మేవారితో. ఈ మధ్య ఒక బేకరీలో ‘సౌర్‌డో’ అని మూడింతల వెల పెట్టి కొన్నాను. పొట్లం మీద చదివితే ఈస్టు, వెనిగరు! ఈస్టు మీద నాకు పగ లేదు. 1868లో అమెరికాలో ఫ్లైష్‌మన్ సోదరులు ఈస్టును అచ్చులుగా ఒత్తి అమ్మడం మొదలుపెట్టాక రోజుల పని గంటలలోకి వచ్చింది, ఎందరి కడుపులో నింపింది. ఈస్టు రొట్టెను ఈస్టు రొట్టె అనే అమ్మండి, కొంటాము. కాలం వెచ్చించకుండా కాలం ఇచ్చే రుచిని అమ్ముతున్నామనడం మోసం. పాలలో నిమ్మరసం పిండి పెరుగని వడ్డిస్తే ఒప్పుకుంటామా?

శ్రీమతి ఉన్నన్నాళ్ళూ పొద్దువాలితే ఇరుగుపొరుగులెవరో ఒకరు గిన్నె పట్టుకుని తోడుకు వచ్చేవారు. 2021లో ఆమె పోయింది. నేను పొట్లం పెరుగుకు అలవాటుపడ్డాను, గుమ్మంలో గిన్నెల చప్పుడు లేదు. మొన్న పై అంతస్తు అమ్మాయి, “మాస్టారూ, ఆ పుల్లపిండి కాస్త ఇస్తారా?” అంటూ సీసా తెచ్చింది. రెండు చెంచాలు వేసి, రోజూ పిండి పెట్టమని మరీ మరీ చెప్పాను.

నిన్న తన రొట్టె తెచ్చి చూపింది. రాయి. తోడు పొంగేదాకా ఆగలేదట.