నడింట్లో మడచెట్టు

ప్రొద్దుటూరు వాళ్లు సముద్రం చూడాలంటే పెన్నా వెంబడే పోవాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల పక్కగా పారే ఆ నది నెల్లూరు దాటితే గానీ ఉప్పునీళ్లలో కలవదు. ఎంత లేదన్నా 150 కిలోమీటర్ల పైమాటే. పులివెందులకైతే ఇంకా దూరం. అలాంటి ఊళ్లో, నడింట్లో ఓ గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో కాళ్లు చాచుకుని నిలబడ్డ మూరెడు మడచెట్టు... వినడానికి విడ్డూరంగానే ఉంటుంది!

అలాగని ఈ నేలకు సముద్రం కొత్తేమీ కాదు. వేంపల్లె చుట్టుపక్కల రాళ్లలో పొరలు పొరలుగా, గుమ్మటాల్లా కనిపించే అచ్చులు ఉంటాయి. స్ట్రొమటోలైట్లు అంటారు వాటిని. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు కట్టుకున్న ఇళ్లవి. మర్రినీ రావినీ పళ్లెంలో పెంచే వామనవృక్షాల సరదా మన ఇళ్లకు ఏనాడో వచ్చింది. అదే సరదాను ఉప్పునీటి అక్వేరియంలోకి దింపారు విదేశాల్లోని పగడాల తొట్టెల ప్రియులు. నీళ్లలో వేళ్లు, నీళ్ల పైన ఆకులు. వేళ్ల సందుల్లో చేపలు దోబూచులాడుతుంటే, పైన ఓ బుల్లి చెట్టు.

మన రాష్ట్రంలో మడ అడవులు 400 చదరపు కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. ఎక్కువ భాగం గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసేచోటే. కాకినాడ దగ్గరి కోరంగి అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. తొట్టెల్లో పెంచడానికి ఎక్కువమంది ఎంచుకునేది రైజోఫోరా జాతిని. మన తీరంలో దాన్ని ఉప్పుపొన్న అంటారు. కాండం నుంచి కమానుల్లా కిందికి దిగే ఊతవేళ్లే దాని అందం. ఆ చెట్టుకు ఓ వింత గుణం. గింజ నేలమీద పడి మొలవదు. తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడుతుంది. అడుగు పైన పొడవు పెరిగాక రాలుతుంది. తొట్టెలో నాటేది ఈ కాడనే.

నాటడం తేలిక. కింది కొన మాత్రం ఇసుకలోనో నీళ్లలోనో మునిగితే చాలు. పైకొనలో ఉన్న మొగ్గ ఎప్పుడూ తడవకూడదు. కొన్ని వారాలకు అడుగున వేళ్లు వస్తాయి, ఆ తర్వాత పైన రెండాకులు విచ్చుకుంటాయి. ఎప్పుడు వచ్చినా జంటగానే, ఎదురెదురుగా.

చిక్కంతా కత్తెర పట్టుకున్నాకే!

పులివెందుల వైపు చీనీ తోటలున్నవాళ్లకు కొమ్మ కత్తిరించడం ఒకరు నేర్పాల్సిన పనికాదు. ఎండుపుల్ల, నీరుకొమ్మ ఏదో చూడగానే చెప్పేస్తారు. చీనీ చెట్టుకు ముదురు కొమ్మను నరికినా కిందినుంచి చివుళ్లు వస్తాయి. అదే ధీమాతో ఉప్పుపొన్న మీద చెయ్యి వేస్తే మాత్రం కొంప మునిగినట్టే. ముదిరిన చెక్కలో దానికి నిద్రపోయే మొగ్గలు మిగలవు. ఆకుల్లేని చోట కోస్తే ఆ కొమ్మ ఇక చిగురించదు, ఎండిపోతుంది. మునక్కాయలాంటి ఆ మొదటి కాడ మీదైతే అసలు మొగ్గలే ఉండవు. చెట్టు పొట్టిగా ఉంటే బాగుంటుందని దాన్ని సగానికి కోశారంటే, చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. పొట్టి చెట్టు కావాలనుకునేవాళ్లు మొదట్లోనే చిన్న కాడను వెతుక్కోవాలి.

మరి కొమ్మలు వేయించేదెలా? పైకాండానికి నాలుగైదు జతల ఆకులు వచ్చేదాకా ఆగాలి. అప్పుడు చిట్టచివరి మొగ్గను, కింది ఆకుల జతకు తగలకుండా, గోటితో గిల్లేయాలి. ఆ జత ఆకుల చంకల్లోంచి రెండు పిలకలు లేస్తాయి. వాటికి రెండు మూడు జతల ఆకులొచ్చాక మళ్లీ గిల్లాలి. అంతే. ఒక్కటి మరచిపోకూడదు. ప్రతి కోత కిందా కనీసం ఒక జత ఆకులు మిగలాలి. ఒకేసారి మూడోవంతుకు మించి ఆకులు తీసేయకూడదు. ఇలా ఆచితూచి కోసే ఓపిక లేనివాళ్లకు అవిసీనియా జాతి మడ నయం. నరికినా పిలకలు వేసే గుణం దానికుంది. కాకపోతే దానికి ఊతవేళ్లు రావు, ఆ సోకు తక్కువ.

కొమ్మను వంచాలంటే పచ్చిగా ఉన్నప్పుడే తీగ చుట్టాలి. అల్యూమినియం తీగే వాడాలి. రాగి తీగ పొరపాటున కూడా వద్దు. నీళ్లలో రాగి కొంచెం కరిగినా రొయ్యలు, పగడాలు బతకవు. ఊతవేళ్లు ఠీవిగా కనిపించడానికి ఓ కిటుకుంది. వేళ్లు కాస్త బలపడ్డాక, కొన్ని నెలలకోసారి మొక్కను అంగుళం పైకి జరుపుతూ పోవడం. వేళ్లు కిందికి అందుకోవడానికి సాగుతాయి. సాలీడు కాళ్లలా అంటారే, ఆ రూపం అలా వచ్చేదే.

ఇక నీళ్ల సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. అంటే 100 లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం కలిసిన అక్వేరియం ఉప్పే కావాలి. కడప ఎండలకు తొట్టెలో నీళ్లు ఇట్టే తగ్గిపోతాయి. తగ్గింది నీళ్లే, ఉప్పు కాదు! తగ్గిన పది లీటర్లకు బదులు మళ్లీ ఉప్పునీళ్లే పోస్తే 350 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. అందుకే తగ్గినంత మేరా మంచినీళ్లే పోయాలి, అదీ ఆర్‌వో నీళ్లయితే మేలు. చౌడు నేలల బోరునీళ్లు వద్దు. ఆకుల మీద కూడా అప్పుడప్పుడూ మంచినీళ్లు చిలకరించాలి. ఉప్పుపొన్న చాలావరకు ఉప్పును వేళ్ల దగ్గరే అడ్డుకుంటుంది. అయినా తుంపర్లు ఎండి ఆకుల మీద తెల్లగా పేరుకుంటాయి. అవిసీనియా అయితే ఆకుల్లోంచే ఉప్పును బయటికి నెడుతుంది, నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది.

అన్నట్టు, మడచెట్టుకు ఉప్పు అవసరమనేది చాలామంది అపోహ. అది ఉప్పును తట్టుకుంటుందంతే. మంచినీళ్లలోనూ బతుకుతుంది.

పగడాలతోనే అసలు పేచీ. వాటికి 24 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. 30 దాటితే రంగు వెలిసి చావు మొదలు. మే నెలలో బయట 43 డిగ్రీలుండే ఊళ్లో నీళ్లను చల్లబరిచే యంత్రం రాత్రింబవళ్లూ తిరగాల్సిందే, కరెంటు బిల్లు కట్టాల్సిందే. అంతకంటే పెద్ద అడ్డంకి చట్టం. మన దేశంలో గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. సముద్రంలోంచి తెచ్చి అమ్మినా, కొన్నా నేరమే. అభయారణ్యంలో పడున్న మడ కాడను సంచీలో వేసుకు రావడమూ కుదరదు, అటవీశాఖ అనుమతి ఉండాలి. కోరంగి చూడటానికి వెళ్లిన పిల్లలు సరదాపడి ఓ కాడ ఏరుకుంటే, అక్కడే వదిలేయించి రావాలి. అక్కడి బురదలో గుచ్చుకుంటే అది తుపాను గాలికి, అలలకి అడ్డం నిలిచే చెట్టవుతుంది. చట్టప్రకారం అమ్మే నర్సరీ దొరికితేనే ఈ ముచ్చట.

కాబట్టి మన ఊళ్లకు నప్పేది పగడాల్లేని తొట్టె. ఉప్పు పలచగా, ఒకటో రెండో మడమొక్కలు, ఎండను తట్టుకునే చేపలు కొన్ని. వంద లీటర్ల తొట్టె అంటే నీళ్లే క్వింటాలు. చెక్కబల్లలను నమ్ముకోకుండా, గోడలోకి గట్టిగా కట్టిన కడపబండ మీద పెడితే బెంగ ఉండదు. పైన ఓ దీపం, ఆకులు మాడనంత ఎత్తులో.

తొట్టె నీళ్లన్నీ చెట్టే శుభ్రం చేసేస్తుందని కొందరు చెబుతారు. అంత సీన్ లేదు. ఏడాదికి కొన్ని జతల ఆకులు వేసే మొక్క ఎంత మలినం పీల్చగలదు? నీళ్లు మార్చే పని తప్పదు. మొదటి కొమ్మ చీలడానికే ఏడాది పట్టొచ్చు. ఈలోగా పండి రాలిన ఆకులను మాత్రం ఏ రోజుకారోజు ఏరేయాలి. కుళ్లితే పాడయ్యేది చేపల నీళ్లే.