ప్లానులోని పార్కు నేలమీదికి రావలెను

ఇంటి స్థలము కొనుట రైల్వే, తపాలా ఉద్యోగికి జీవితములో ఒక్కసారి జరుగు పని. రాత్రి డ్యూటీలు చేసి, ఎండలో బీటు తిరిగి కూడబెట్టిన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో నగర శివార్లలో ఒక ప్లాటు కొనుచున్నాడు. వెంచరు ఆఫీసులో అతనికి చూపిన ప్లానులో ఒక మూల ఆకుపచ్చ రంగు వేసియుండును. అది పార్కు అని చెప్పుదురు. పదేండ్ల తరువాత ఆ మూలకు పోయి చూచినచో ముళ్ళతుప్పలో, ఇటుకల కుప్పలో, లేక కొత్త నంబరుతో అమ్ముడుపోయిన మరియొక ప్లాటో కానవచ్చును.

ఈ పార్కు ఎవరిది? మన తెలుగు రాష్ట్రముల లేఅవుటు నిబంధనల ప్రకారము కనీసము 10 శాతము భూమిని ఖాళీ స్థలముగా విడిచి, రోడ్లతోపాటు స్థానిక సంస్థకు దానపత్రముతో ఉచితముగా అప్పగించవలెను. పనులు పూర్తిచేయుటకు హామీగా 15 శాతము ప్లాట్ల స్థలమును తనఖా ఉంచవలెను. అయితే డెవలపరు ఆ పదవ వంతు ధరను మిగిలిన ప్లాట్ల ధరలో కలిపియే అమ్ముచున్నాడు. పత్రముపై దాత అతడు. నిజమైన దాతలు ప్లాట్లు కొన్నవారు. అందుచేత పార్కు కావలెనని అడుగుట యాచన కాదు, చెల్లించిన సొమ్ముకు లెక్క అడుగుట.

ఈ హక్కును సుప్రీంకోర్టు 1991లోనే గుర్తించినది. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో పార్కుకై కేటాయించిన స్థలమును 1976లో ఒక ప్రైవేటు వైద్య ట్రస్టుకు ఆసుపత్రి నిమిత్తము ఇచ్చిరి. ఆ ప్రాంత నివాసులు కోర్టుకెక్కిరి. ఆసుపత్రి మంచిదే కదా అను వాదమును జస్టిస్ తొమ్మెన్, జస్టిస్ సహాయ్ అంగీకరింపలేదు. ప్రైవేటు ఆసుపత్రి ప్రజల పార్కుకు ప్రత్యామ్నాయము కాదనియు, ఆ కేటాయింపును ప్రశ్నించు హక్కు నివాసులకు కలదనియు తీర్పు చెప్పిరి. కాని 1976లో పోయిన స్థలముపై తుది తీర్పు వచ్చుటకు పదునైదేండ్లు పట్టినదని మరువరాదు.

పార్కును సొమ్ముగా మార్చు మార్గము మరియొకటి కలదు. తెలంగాణలో 2020 నాటి క్రమబద్ధీకరణ పథకము ప్రకారము, 10 శాతము ఖాళీ స్థలము లేని అనధికార లేఅవుటులో ప్లాటుదారుడు ప్లాటు విలువలో 14 శాతము అదనముగా చెల్లించవలెను. స్థలము మింగినవాడు వెళ్ళిపోయినాడు. జరిమానా కొన్నవాని నెత్తిన పడినది. ఆ సొమ్ము ఖజానాకు చేరినంతమాత్రమున ఆ వీధి పిల్లలకు ఆడుకొను చోటు ఏర్పడునా?

2024 జూలైలో హైదరాబాదులో హైడ్రా సంస్థను ఏర్పరచి, చెరువులతోపాటు పార్కుల ఆక్రమణలను కూడ తొలగించు బాధ్యత దానికి అప్పగించిరి. ఆక్రమణ తొలగింపవలసినదే. కాని పార్కు సిద్ధము కాకమునుపే తనఖా విడుదల చేయకుండినచో, ఆ తరువాత బుల్డోజరు పంపవలసిన అవసరము చాలవరకు తప్పును.

మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. పలు కాలనీలలో పార్కు స్థలమున సంఘ భవనమో, గుడియో, వాటరు ట్యాంకో కట్టినవారు బయటివారు కారు, మనమే. ఒక్క గది కట్టుటకు మనము ఒప్పుకొన్ననాడు, రెండవ గది కట్టువానిని ఆపు నైతిక బలము మనకుండదు.

ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మనవి అని కార్మికవర్గము పోరాడి సాధించుకొన్నది. ఆ మూడవ ఎనిమిది గంటలు గడుపుటకు చోటు కావలదా? రెండు గదుల ఇంటిలో రాత్రి డ్యూటీ దిగినవాడు పగలు నిద్రించవలెనన్న, పిల్లలు ఆడుకొనుటకు బయట నీడ యుండవలెను.

కావున మన శాఖలు, గృహనిర్మాణ సహకార సంఘములు మునిసిపాలిటీల ముందు ఈ కోర్కెలు ఉంచవలెను:

1. దానపత్రము రిజిస్టరై, ప్రహరీ, చెట్లు, నీటి వసతి ఏర్పడిన పిమ్మటనే తనఖా ప్లాట్లు విడుదల చేయవలెను.

2. ప్రతి పార్కు సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు ఆ స్థలముననే బోర్డుపై వ్రాయవలెను.

3. పార్కుకు బదులు వసూలు చేసిన సొమ్మును ఆ ప్రాంతములోనే స్థలము కొనుటకు వెచ్చించవలెను.

4. నిర్వహణ వ్యయము మునిసిపల్ బడ్జెటులో చూపవలెను. పార్కు ద్వారము అందరికిని తెరచియుండవలెను.

ప్లాటు కొనదలచిన సోదర సోదరీమణులు బయానా ఇచ్చుటకు ముందే దానపత్రపు నకలు అడుగుడు. ఒంటరిగా అడిగినవానికి ఆకుపచ్చ రంగు చూపుదురు. సంఘముగా అడిగినచో స్థలమును చూపక తప్పదు.