దాహం తీరని బండి

రోహిణి కార్తె వచ్చిందంటే మా కోవూరులో మనుషులకంటే ముందు పాతకార్లకు దాహం పుడుతుంది. పెన్న వంతెన మీద లారీల వెనక పది నిమిషాలు చిక్కుకుంటే చాలు, ఏ అంబాసిడరో బానెట్టు ఎత్తుకుని ఆవిరి కక్కుతూ నిలబడుతుంది. వెంటనే నలుగురు పోగై ఇచ్చే సలహా ఒక్కటే: "నీళ్లు పొయ్యండి!" ఆ సలహా సగమే నిజం. మిగతా సగం చెప్పేవాళ్లు లేకనే మంచి మంచి బండ్లు పాతసామాన్ల కొట్టు చేరుతున్నాయి. కొందరి చేతులూ ముఖాలూ కాలుతున్నాయి కూడాను.

అంబాసిడరు పేరెత్తడానికి కారణముంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడో నమూనాను ఒరవడిగా పెట్టుకుని, బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1950ల చివర దీన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డెక్కే అంబాసిడర్లలో పిన్నవయసుదానికైనా పదేళ్లు దాటాయి. మా ఇంట్లో ఉన్నది 1980ల నాటి పెట్రోలు బండి. దాన్ని ఎందుకు అమ్మవని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

ఇంతకీ ఇంజనుకు నీళ్లెందుకు? మనం తగలబెట్టే పెట్రోలులో బండిని లాగేది సుమారు పావువంతే. మిగిలినదంతా వేడి. అందులో కొంత పొగగొట్టం వెంట పోతుంది. దాదాపు అంత వేడినీ నీళ్లే మోయాలి. సిలిండర్ల చుట్టూ ఇనుములోనే దారులుంటాయి. పంపు ఆ దారుల్లో నీటిని తిప్పి రేడియేటరుకు తోలుతుంది. అక్కడ సన్నని గొట్టాల్లోంచి దిగుతూ, గాలికి చల్లబడి, మళ్లీ ఇంజనులోకి వస్తుంది. నడుమ థర్మోస్టాటు అనే ద్వారపాలకుడొకడు. నీరు సుమారు 80 డిగ్రీలకు కాగితేగాని తలుపు తీయడు.

చిక్కంతా ఆ నీళ్లలోనే ఉంది. మా తీరంలో చాలాచోట్ల బోరునీరు కఠినజలం. నీళ్లు కాచుకునే కాగు లోపల తెల్లగా గార కట్టడం మీరెరుగుదురు. అదే గార ఇంజను లోపలా కడుతుంది. కాగునైతే చింతపండు పెట్టి తోముకోవచ్చు. ఇంజను కడుపులో చెయ్యి పెట్టేదెలా? గార మందమైనకొద్దీ ఇనుములోని వేడి నీటికి అందదు. నీళ్లు నిండుగా ఉన్నా ఇంజను మాడుతుంది. అప్పుడు మనం మరో బిందె అదే బోరునీరు పోస్తాం! ఆవిరై పోయేది నీరు, లోపల మిగిలేది ఉప్పు. రోగాన్నే మందుగా తాగించడమన్నమాట.

మా ఊళ్లో మేస్త్రీ ఒకాయన ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. అదేమిటని ఒకసారి అడిగాను.

"పిల్లప్పుడు లారీ షెడ్డులో పనికి చేరినా, అయ్యవారూ. పొగలొస్తా ఉంటే మూత తిప్పేసినా."

"మీకెవరూ చెప్పలేదా మేస్త్రీ?"

"చెప్పుంటే ఈ మచ్చెందుకు? అందుకే మా కుర్రోళ్లకి స్పానరు ఇయ్యకముందే ఈ చెయ్యి చూపిస్తా."

మూత బిగిసి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడివల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, మరిగిన నీరూ ఆవిరీ ఒక్కుమ్మడిగా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. అంచేత బండి ఉడుకెత్తితే పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, రబ్బరు గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. కాగిన ఇనుము మీద చన్నీళ్లు గుమ్మరిస్తే పగిలే ప్రమాదమూ ఉంది.

ఇక కడగడం మాట. బండి పూర్తిగా చల్లారాక రేడియేటరు అడుగున ఉన్న కుళాయీ, ఇంజను పక్కన ఉన్న కుళాయీ రెండూ విప్పాలి. రెండోది మరిచిపోతే సగం మురికి లోపలే ఉంటుంది. మంచినీళ్లతో పాటు అంగట్లో దొరికే శుభ్రపరిచే మందు, సీసా మీద రాసిన ప్రకారం పోసి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి వదిలెయ్యాలి. తరవాత రేడియేటరు కింది మూతికి గొట్టం తగిలించి, నెమ్మదిగా నీళ్లు పైకి ఎక్కించాలి. రోజూ నీరు పారే దిక్కుకు ఎదురు తోస్తేనే ఇరుక్కున్న మడ్డి కదులుతుంది. పైనుంచి తేటనీరు వచ్చేదాకా ఇది సాగాలి. కోతల కాలంలో రెక్కల మధ్య చేరిన పొట్టునూ దుమ్మునూ బయటినుంచి కడగడం మరవకండి.

కారే చోట పసుపు వేసి ఆపడం మన డ్రైవర్ల పాత చిట్కా. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, నిజమే. కాని ఆ పసుపే సన్నగొట్టాల్లో చేరి దారి మూస్తుంది. అట్లాగే పాత మడ్డి కొన్ని చిల్లుల్ని మూసి ఉంచుతుంది; కడిగిన మర్నాడు రేడియేటరు కారితే కడగడాన్ని తిట్టకండి, దాగిన జబ్బు బయటపడిందనుకోండి. వేడిదేశానికెందుకని థర్మోస్టాటు పీకి పారేసేవాళ్లున్నారు. అది లేకపోతే పొద్దున ఇంజను వేడెక్కడానికి ఆలస్యమై, పెట్రోలు వృథా, అరుగుదల ఎక్కువ. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూడండి, తెరుచుకుంటే మంచిదే.

చివరికి నింపేది బోరునీరు కాదు. బ్యాటరీకి పోసే డిస్టిల్డు వాటరు సగం, కూలెంటు సగం. కూలెంటు తుప్పును ఆపుతుంది, మరిగే వేడిని పెంచుతుంది. మామూలు రకాన్ని రెండేళ్లకొకసారి మార్చాలి. ఒక్క జాగ్రత్త: అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పశువులూ ఇష్టంగా నాకుతాయి. పాతనీటిని బేసిన్లో పట్టి మూతపెట్టి షెడ్డుకు అప్పగించాలి. పంటకాలవలోకీ వీధి గుంటలోకీ వదలకూడదు. పిల్లలకూ అందనివ్వకూడదు.

ఈ ఆదివారం పొద్దున, బండి తీయకముందే, మూత విప్పి లోపలికి చూడండి. నీరు తుప్పురంగులో ఉంటే మేస్త్రీకి ఆ రోజే కబురు పెట్టండి. రోహిణి కార్తె దాకా ఆగవద్దు.