గృహవిజ్ఞానము: ప్లాస్టికు నలుసులు, సూక్ష్మజీవులు



కుండలో నాలుగుదినములు నీరు నిలువయున్నచో లోపలిగోడకు జిగురువంటి పాచి పట్టుట మనమెల్లరము ఎరిగినదే. కంటికి కానరాని సూక్ష్మజీవులు ఒక ఆధారమును పట్టుకొని గుంపుగూడి కాపురముండుటయే ఆ పాచి. కుండగోడవలెనే సముద్రమున తేలాడు ప్లాస్టికు నలుసును వానికి ఆధారమగుచున్నది. నెల్లూరు తీరవాసులకు ఈ సంగతి దూరపుమాట గాదు.

ప్లాస్టికు సంచి ఆకువలె కుళ్లి మన్నుగాదు. ఎండకు పెళుసెక్కి, అలలకును ఇసుకకును ఒరసికొని తునుకలగును. ఆ తునుకలే నలుసులగును. అయిదు మిల్లీమీటర్లకు లోబడినవానిని శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టికు అనుచున్నారు. 2004లో ఇంగ్లండునందలి రిచర్డు థామ్సను మొదలగువారు ప్రకటించిన వ్యాసముతో ఈ విషయము లోకమున వ్యాపించెను. చినిగిన నైలాను వలలు, త్రాళ్లు, సంచులు, ఉతుకునప్పుడు పాలియెస్టరు చీరలనుండి ఊడు పోగులు, అన్నియు ఈ నలుసులకు మూలములే. ఊటుకూరుకడ సముద్రమున గలియు పెన్నానదివంటి నదులు ఎగువ ఊళ్ల చెత్తను కడలికి జేర్చును.

ఈ నలుసులు సూక్ష్మజీవులకు చేయునదేమి? కొన్నిటి పెరుగుదలను అణచును, కొన్నిటికి ఊతమిచ్చును.

మొదట అణచుట. సముద్రమున ప్రోక్లోరోకాకసు అను అతిసూక్ష్మజీవి గలదు. అది పచ్చనాకువలె ఎండను గ్రహించి, ఆహారము చేసికొని, ప్రాణవాయువును విడుచును. ఆస్ట్రేలియానందలి మక్వారీ విశ్వవిద్యాలయమువారు ప్లాస్టికు సంచులు మొదలగునవి నానిన నీటిలో దీనిని పెంచి చూడగా, దాని పెరుగుదలయు, అది విడుచు ప్రాణవాయువును తగ్గినవని 2019లో తెలిపిరి. ఇది ప్రయోగశాలలో కనుగొన్నదేగాని కడలియంతట ఇట్లే జరుగుచున్నదని చెప్పరాదు. అయినను సముద్రపు ఆహారమునకెల్ల ఇట్టి జీవులే మొదలు. మొదటికి చేటు వాటిల్లినచో చేపకును, చేపనమ్మిన కుటుంబమునకును చేటే.

ఇక ఊతమిచ్చుట. అట్లాంటికు సముద్రమున దొరకిన తునుకలపై చుట్టునున్న నీటిలోనివానికంటె వేరైన సూక్ష్మజీవుల సమూహమున్నదని 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించి, ఆ లోకమునకు ప్లాస్టిస్ఫియరు అని పేరిడిరి. ఒక తునుకపై విబ్రియో జాతి మిక్కుటముగా నుండెను. ఈ జాతిలో అన్నియు హానికరములు గావు. కొన్నిమాత్రము మనుష్యులకు కడుపుజబ్బును, రొయ్యలకు మరణమును గలిగించును. ఆకు కుళ్లిపోవును, ప్లాస్టికు నలుసు కుళ్లక, తనపైనున్నవానిని దూరదేశములకు మోసికొనిపోగలదు.

రొయ్యలచెరువులే జీవనాధారమైన మన తీరమున ఈ మాట పెడచెవిని బెట్టదగదు. 1994-95లో తెల్లమచ్చల రోగము రొయ్యలకు సోకినపుడు ఎన్ని కుటుంబములు అప్పులపాలైనవో పెద్దలెరుగుదురు. అది వైరసువలన గలిగినది, ప్లాస్టికువలన గాదు. కాని చెరువునీటి శుభ్రతయే ఇంటిదీపమని అది నేర్పినది.

ప్లాస్టికును తిను సూక్ష్మజీవి యున్నదిగదా యని కొందరందురు. నిజమే, జపానునందలి సకాయి పట్టణమున దొరకిన ఇడియోనెల్లాను 2016లో ప్రకటించిరి. అది నీటిసీసాలు చేయు ఒకజాతి ప్లాస్టికునే, అదియు పలుచని పొరను, వెచ్చనితావున వారములకొలది కాలములో తినును. సంచులు చేయు పాలిథీను దాని ఆహారముగాదు. దానిపై భారమువైచి ఊరకుండరాదు.

మనము చేయదగినవి కొన్ని గలవు. చేపలకు గంపనో గిన్నెనో తీసికొనిపోవుడు. తెగిన వలముక్కలను ఒడ్డున విడువక మూటగట్టించుడు. ప్లాస్టికును పొయ్యిలో కాల్చకుడు. ఆ పొగ విషము. నలుసులు ఎక్కువగా ప్రేగులయందే యుండును గావున, రొయ్యవీపుననున్న నల్లనరమును, చేప ప్రేగులను తీసివేసి వండుడు. 2022 జూలై 1 నుండి మనదేశమున ప్లాస్టికు గరిటెలు, కప్పులు, పళ్లెములు మొదలగునవి నిషేధింపబడినవి. పెండ్లిపంక్తిలో విస్తరాకు వేయించుట ఇంటియిల్లాలి మాటపై నున్నది.