గృహగణితము: బియ్యపుకుండయు నిజాంసాగరమును



ఇంటనున్న బియ్యమెన్నాళ్లు వచ్చునో యూహింపని గృహిణి యుండదు. తెలిసిన రాశులనుండి తెలియని రాశిని రాబట్టు నీ పద్ధతినే భాస్కరాచార్యుడు లీలావతిలో త్రైరాశికమని వివరించెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద దానిని వల్లించితిమి. వల్లించితిమే కాని, దాని హద్దెచ్చటనో యెరుగమైతిమి.

ఒక వర్షాకాలమున మా ఆడుబిడ్డ పురిటికి వచ్చియుండెను. బియ్యపుకుండలో వ్రేళ్లతో కొలిచి చూడగా పది దినములలో నాలుగు వ్రేళ్లు తగ్గినవి. ఎనిమిది వ్రేళ్లు మిగిలినవి. నాలుగింటికి పది దినములైనచో ఎనిమిదింటికి ఇరువది యని లెక్కించి, ఆ ధీమాతో గాదెలోని వడ్లమ్మించి యొక బాకి తీర్చితిమి. పదునొకండవనాడే కుండ యడుగంటెను! బాలింతరాలి పథ్యమునకై పొరుగింట సోలెడు బియ్యము బదులడిగిన యానాటి సిగ్గును నేటికిని మరువలేదు.

మా వారు ఖాళీకుండను చూపి నవ్విరి. నడుమ వెడల్పు, అడుగున సన్నము; పై వ్రేలి మేరనున్నంత బియ్యము క్రింది వ్రేలి మేర నుండదు. మా గుణకారము తప్పు కాదు. కుండ తుదివరకు ఒక్కతీరుగ నుండుననుకొనుటయే తప్పు.

ఇట్టి పొరపాటు వంటయింటికే పరిమితము కాదు. మా బాన్సువాడకు చేరువనే మంజీరానదిపై 1923లో నారంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు దీనికి శిల్పి. తొలుత దీనిలో సుమారు 2,970 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టెడిది. ఏటేట 530 ఎకరపుటడుగుల పూడిక చేరునని యంచనా వేసిరి. ఎకరము నేలపై అడుగు మందమున పరచిన మట్టి ఒక ఎకరపుటడుగు. ఆ లెక్కను సాగదీసినచో జలాశయము నిండుటకు వేయేండ్లకు పైబడి పట్టవలయును. తరువాత కొలిచి చూడగా ఏటి పూడిక 8,725 ఎకరపుటడుగులని తేలెను. అనగా పదియారు రెట్లు!

ఈ రెండవ లెక్కను సాగదీసినచో 78 ఏండ్లకే, అనగా 2009 నాటికే, సాగరము పూడిపోవలసినది. అదియు జరుగలేదు. నీటిమట్టమును పెంచిరి, ఎగువన సింగూరు జలాశయము వెలసి పూడికలో కొంత తనయందే నిలుపుకొనుచున్నది. సాగరము తగ్గినది, నిజమే. నేటి నిలువ సుమారు 1,780 కోట్ల ఘనపుటడుగులు మాత్రమే. కాని మా కాలువలలో నీరింకను పారుచున్నది. మొదటి లెక్క ధీమానిచ్చి మోసగించెను. రెండవది భయపెట్టి మోసగించెను.

తల్లులకు మరియొక యుదాహరణము. మూడు కిలోల శిశువు ఐదవ మాసమునకు ఆరు కిలోలైనదనుకొందము. ఆ తీరుననే పెరిగినచో ఐదేండ్లకు ముప్పదితొమ్మిది కిలోలు తూగవలయును! నిజమునకు అందులో సగము కూడ నుండదు. తొలిమాసముల వేగము తరువాత నుండదు. ఇది యెరుగక, బిడ్డ చిక్కిపోవుచున్నదని కన్నీరు పెట్టుకొను తల్లులను మేమెందరినో చూచితిమి. అయితే నాలుగవ మాసపు తూకమును ఆరవ మాసపు తూకమును తెలిసినచో, ఐదవ మాసపు తూకమును దాదాపుగ చెప్పవచ్చును. తెలిసిన రెండు గట్టుల నడుమ నడచుట సులభము. గట్టు దాటి చీకటిలో నడచుటయే కష్టము.

కావున సోదరీమణులారా, లెక్కను మానవలదు. కొలిచినంతకంటె మిక్కిలి దూరము సాగదీయవలదు. నడుమ నడుమ మరల కొలువుడు. వస్తువు తీరు మారుచున్నదేమో విచారింపుడు. లెక్క తప్పినను ఇల్లు తప్పకుండ కొంత మిగుల్చుకొనుడు.

నాటినుండి మేము బియ్యమును వ్రేళ్లతో కొలుచుట మానితిమి. సోలతో కొలిచియే కుండలో పోయుచున్నాము.