కుంట మరమ్మతుకు ముందు నీటి లెక్క

మన పల్లెలలో కుంట మరమ్మతన్న మాట పుట్టినంతనే పొక్లెయిను వచ్చి గర్భమును త్రవ్వుటయు, త్రవ్విన మట్టిని ట్రాక్టర్లు మోసికొనిపోవుటయు, మిగిలినది కట్టపై పోసి చదును చేయుటయు మాత్రమే అందరికిని స్ఫురించును. ఆ కుంటలోనికి నీరెక్కడినుండి వచ్చుచున్నది, వచ్చిన నీరు ఏ దారిని పోవుచున్నది, నిలిచిన నీరు ఎంత పైరును కాపాడగలదు అను ప్రశ్నలు వేయకయే అంచనా పత్రము సిద్ధమగుచున్నది. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములలో ఈ అలసత్వము తక్కిన చోటులకంటె ఎక్కువ కీడు చేయుచున్నది. ఏలయన పలకరాతి పొరలపై పలుచని మట్టి పరచుకొన్న ఈ నేలలో, ఏడాది మొత్తముమీద వాగు పారునంతటి గట్టి వానలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే కురియు ఈ సీమలో, ఒక్క వానను జారవిడిచిన కుంట ఆ యేటికి ఉన్నను లేనట్లే.

ఈ పడమటి తాలూకాల చరిత్రయే కొంత విచిత్రమైనది. 1970లో ఒంగోలు కేంద్రముగా జిల్లా యేర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. రాయలసీమనుండి వేరుపడినవి గాని కోస్తాకు చెందిన కాలువల నీరు వీనికి దక్కలేదు. నల్లమలకు ఆవల కృష్ణ పారుచుండ, ఈవల రైతు బోరుబావి లోతును ఏటేట పెంచుకొనుచు అప్పులపాలైనాడు. ఆ కృష్ణ నీటిని ఈవలకు తెచ్చుటకై పూల సుబ్బయ్య పేరిట వెలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. కొండను దొలిచి పదునెనిమిది కిలోమీటర్లకు మించిన రెండు సొరంగములు త్రవ్వుట 2024 నాటికి గాని ముగియలేదు. సొరంగములు ముగిసినను ముంపు గ్రామముల పునరావాసము, కాలువల పనులు వెనుకబడుటచే పొలమునకు నీరు చేరుట మరింత ఆలస్యమగుచు వచ్చినది. ఆ నీరు రేపు వచ్చినను మెట్టగా నున్న పొలములన్నియు ఆయకట్టులో చేరవు. కనుక కుంటయు చెరువును తాత్కాలికోపాయములు గావు. ఇచ్చటి వ్యవసాయమునకు అవియే మూలాధారములు.

ఉన్న చెరువును పరీక్షించు విద్య మనకు క్రొత్తది కాదు. గుండ్లకమ్మ కొండసందు వెడలుచోట రెండు గుట్టల నడుమ కట్టవేసి నిలిపిన కంభము చెరువు ఈ ప్రాంతమునకు తలమానికము. ఆ కట్ట యెత్తు 57 అడుగులనియు, దాని పరివాహకప్రదేశము 430 చదరపు మైళ్లనియు ఆంగ్లేయుల గెజిటీరు వ్రాసినది. గిద్దలూరునకు దక్షిణమున కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును కట్టించినవాడు మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు. ఈ రెండింటిని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ నిర్మాణములుగా గుర్తించినది. పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. చెరువు కట్టుటకు వలయు పండ్రెండు అంగములను, చెరువునకు కలుగరాని ఆరు దోషములను అది యేకరువు పెట్టినది. కట్టనుండి నీరు జాలువారుట, ఉప్పునేల, రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట, గర్భమధ్యమున మిట్ట యుండుట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువగుట, నీరెక్కువై భూమి తక్కువగుట—ఇవి ఆ దోషములు.

ఈ పట్టికను కొంచెము నిదానించి చూడవలెను. ఆరింటిలో కట్టకు సంబంధించినది ఒక్కటియే. మిగిలినవి నేలకు, తావునకు, నీటికిని పొలమునకును గల పొందికకు చెందినవి. నేటి మన అంచనా పత్రములలో కట్టయు పూడికయు తప్ప తక్కిన యైదు దోషముల ప్రసక్తి లేదు. పొలిమేర దోషమును నేడు కొందరు నవ్వి త్రోసివేయవచ్చును. కాని నల్లమల అడవిలో పుట్టిన వంక అటవీశాఖ హద్దు దాటి, రెవిన్యూ పోరంబోకులో ప్రవేశించి, పంచాయతీ కుంటకు చేరులోపల మువ్వురు యజమానుల చేతులు మారుచున్నది. వంకలోని కంప కొట్టుటకు ఒకరి అనుమతి, కాలువ తీయుటకు ఒకరి అనుమతి, కట్టకు మట్టి పోయుటకు వేరొకరి అనుమతి కావలసియున్నది. రాజ్యములు పోయినవి గాని పొలిమేరలు పోలేదు. (దేశమున ఆనకట్టల నిర్మాణమునకు పర్యాయపదమైన విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు ఈ ప్రాంతపు మోక్షగుండమను పల్లెనుండియే మైసూరు సీమకు తరలిపోయినది. ఇంజనీర్ల దినోత్సవమునాడు ఆ సంగతిని సగర్వముగా చెప్పుకొను మనము, ఆయన లెక్కకట్టనిదే రాయి కదల్పలేదన్న సంగతిని మాత్రము మరచుచున్నాము.)

మద్రాసు ప్రభుత్వము సయితము 1883లో చెరువుల పునరుద్ధరణ పథకమును చేపట్టినప్పుడు ముందుగా సర్వే దళములను పంపినది. ఒక్కొక్క చెరువునకు పరివాహకమెంత, కట్ట మట్టమెంత, అలుగు పొడవెంత, తూము గడప ఏ యెత్తున నున్నది, ఆయకట్టు ఎన్ని యెకరములు అని కొలిచి వ్రాసిన పిమ్మటనే మరమ్మతు సాగవలెనని నియమము. ఆ పాలకులపై మనకెన్ని యభ్యంతరములున్నను, చెరువుల బాగుసేతకై యిచ్చిన దశబంధ ఇనాములవంటి గ్రామస్థుల పూర్వపుటేర్పాటులు వారి కాలముననే క్షీణించెనన్నది నిజమైనను, కొలిచిన తరువాతనే పార యెత్తవలెనను ఆ పద్ధతి మాత్రము విడువదగినది కాదు.

కుంటను పరీక్షింపబోవువాడు మొదట కట్టపై నిలువరాదు. వంకను పట్టి యెగువకు నడువవలెను. ఈ ప్రాంతమున పూడికచే చెడిన కుంటలకంటె దారి తప్పిన నీటిచే చెడినవి హెచ్చని నా యభిప్రాయము. క్రొత్త రోడ్డు అడ్డముగా లేచి కల్వర్టు వేరొక పక్కకు పెట్టబడియుండవచ్చును. రైతు తన పొలముగట్టును ముందుకు జరిపి వంకను సన్నపరచియుండవచ్చును. పలకల గనుల చెంత పోసిన రాతిముక్కల కుప్ప ప్రవాహమును మళ్లించియుండవచ్చును. ఇట్టి కుంటను పదియడుగులు లోతు చేసినను చుక్క చేరదు. ఐదు సెంటీమీటర్ల గట్టి వాన కురిసి, దానిలో నూటికి పదునైదు పాళ్లు వాలున పారినదనుకొన్నను, ఎకరము నేలనుండి వచ్చునది ముప్పదివేల లీటర్లు మాత్రమే. పైన పది మీటర్ల చదరము, అడుగున ఆరు మీటర్ల చదరము, రెండు మీటర్ల లోతు గల ఫారం పాండ్ పట్టునది సుమారు లక్షా ముప్పదివేల లీటర్లు. అది ఒక్క వానకు నిండవలెనన్న నాలుగెకరములకు మించిన వాలు దానివైపు తిరిగియుండవలెను. అంత వాలు లేనిచోట త్రవ్విన కుంట ఫలకముపై పేరుకు మాత్రమే కుంట.

రెండవది జాలు, అనగా నిలిచిన నీరు నేలలోనికి ఇంకిపోవుట. దీనిని కనుగొనుటకు యంత్రములక్కరలేదు. కుంట నిండిన పిమ్మట గుర్తులు పెట్టిన కర్రనొకదానిని నీటిలో పాతి, వాన లేని, నీరు తోడని దినములలో ప్రొద్దుటిపూట మట్టమును వ్రాసికొనిన చాలును. వానకాలపు ఎండకు ఆవిరియగునది దినమునకు అర సెంటీమీటరు మొదలు ముప్పాతిక వరకు ఉండును. మట్టము ఐదు సెంటీమీటర్లు తగ్గినచో అందులో నాలుగుకు పైబడి నేల త్రాగినదని అర్థము. రెండు మీటర్ల కుంట నలువది దినములలో ఎండిపోవును. ఇచ్చటనే పూడికతీత విషయమున ఒక ప్రమాదము కలదు. ఈ సీమలోని పలకరాయి పొరలుపొరలుగా చీలునది. ఆ చీలికల ముఖములను ఏండ్ల తరబడి పేరుకొన్న సన్నని ఒండ్రుమట్టి మూసియుంచును. పొక్లెయిను ఆ ఒండ్రును సమూలముగా గీకి, క్రిందనున్న రాతిని బయటపెట్టినప్పుడు, లోతు పెరిగిన కుంటలోనే నీరు తొందరగా అదృశ్యమగును. పూడిక తీసిన యేడు చెరువు నిలువలేదని ముసలి రైతులు వాపోవుటకు కారణమిదియే. పొలములకు ఆ మట్టి బలమన్నది నిజమే; కాని ఎంత తీయవలెనో, అడుగున ఎంత విడువవలెనో గుంతలు త్రవ్వి చూచి నిర్ణయింపవలసినదే.

అయితే జాలు ఎల్లప్పుడును దోషమేనా? ఇచ్చట పోరుమామిళ్ల శాసనకర్తతో నేను కొంత భేదింపవలసివచ్చుచున్నది. ఆయన కాలమున బోరుబావులు లేవు. నేడు కట్టక్రింది రైతు తూమునుండి గాక బోరునుండి నీరు తీసికొనుచున్నచో, ఆ కుంట యింకుటయే ఆతనికి మేలు. పైగా పొదిలి, దర్శి ప్రాంతముల ప్రజలలో ఫ్లోరోసిసు వ్యాధియున్నట్లు 1937లోనే వైద్యులు లోకమునకు వెల్లడించిరి. భూగర్భజలము ఎంత లోతునకు పోయిన అంత విషమగు చోటులలో వాననీటిని నేలలోనికి దింపుట ఆరోగ్యరీత్యాకూడ కొంత ఊరటయే. కనుక కుంట నీరు నిలుపుటకా, ఇంకించుటకా అన్నది ముందే తేల్చుకొనవలెను. బోర్ల నడుమనున్న కారుచున్న కుంటకు ప్లాస్టిక్ పరచుట డబ్బిచ్చి నష్టమును కొనుటయే. పైరుపై నేరుగా చల్లుకొనుటకు నిలువ కావలెనన్నచోమాత్రము లోపలి పూత అవసరము. అనంతపురము ఎర్రనేలలలో జరిగిన వ్యవసాయ పరిశోధనలలో ఆరుపాళ్ల మట్టికి ఒకపాలు సిమెంటు చేర్చిన పూత జాలును బాగుగా అరికట్టినట్లు తేలినది. ప్లాస్టిక్ షీటుకంటె ఎలుకకు, పశువు డెక్కకు అది ఎక్కువ తట్టుకొనును.

కట్ట, తూము, అలుగుల సంగతి ఇంజనీర్లెరిగినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. కట్టపై సర్కారుకంప వేళ్లు తన్నినచో వాని వెంబడి నీరు దారి చేసికొనును. అలుగును గూర్చి మాత్రమొక మాట. ఆయకట్టు రైతు ఇసుకబస్తాలు పేర్చి అలుగు నెత్తు చేయగోరును. చెరువు గర్భములో శనగయో మినుమో వేసికొన్నవాడు రాత్రివేళ దానికి గండి కొట్టగోరును. అలుగుపై కనబడు ప్రతి పగులును వరదకే అంటగట్టరాదు. ఈ తగవును పంచాయతీ తీర్పక కాంక్రీటు పోయించినంతమాత్రమున అది నిలువదు.

ఇక శాసనము చెప్పిన ఐదవ దోషము—అల్పజలము, అధికభూమి. పైన చెప్పిన కుంటలోని లక్షా ముప్పదివేల లీటర్లలో నెలకు పదునైదువేలు మొదలు ఇరువదిరెండువేలవరకు ఆవిరిక్రింద పోవును. ఎకరమునకు ఐదు సెంటీమీటర్ల తడి యియ్యవలెనన్న రెండు లక్షల లీటర్లు కావలెను; స్ప్రింక్లరుతో రెండున్నర సెంటీమీటర్లు చల్లిన లక్షతో సరిపోవును. అనగా జాలు లేని కుంటయైనను కాలువతడిగా ఒక యెకరమునకు ఒక్కసారియు చాలదు. తుంపర్లతోనైన ఒక్క తడికి వచ్చును. కాని కంది పూతపట్టు దినములలో, వాన మొగము చాటేసిన రెండువారములలో ఆ ఒక్క తడియే పంటకును గడ్డికిని నడుమ భేదము. నాలుగెకరముల మిరపకో, పొగాకుకో, బత్తాయి తోటకో అదే కుంట ఆధారమని రైతును నమ్మించుట అన్యాయము. కరవు వచ్చినప్పుడు ట్యాంకరు నీటితో తోటలను నిలుపజూచి ఓడిపోయినవారు ఈ ప్రాంతమున ఎందరో కలరు.

ఇంత తేలికయైన లెక్కను ఎవ్వరును వేయకుండుటకు అజ్ఞానము కారణము గాదు. ఉపాధిహామీ పనులలో కూలి మట్టి ఘనపరిమాణమును బట్టి వచ్చును. కంట్రాక్టు పనులలో బిల్లును దానిని బట్టియే వచ్చును. వంకను వెదకి నడచినందుకు, కర్ర పాతి మట్టము వ్రాసినందుకు కొలతపుస్తకములో గడి లేదు. 2025 మార్చిలో రాష్ట్రమంతట లక్షా యేబదియైదువేల పంటకుంటలు త్రవ్వుదుమని ప్రభుత్వము సంకల్పము చెప్పినది; అంతకుముందును పంట సంజీవని పేరిట లక్షల సంఖ్యలో లక్ష్యములు పెట్టుకొన్నారు. క్రొత్తవి త్రవ్వుట తప్పనను. కాని త్రవ్విన వానిలో ఎన్నింట నీరు చేరినది, ఎన్నింట కార్తీకమువరకు నిలిచినది అని ఊరూర ఒక్కసారి లెక్కతీసి ప్రకటింపక మరల లక్ష్యములు పెట్టుట పాత తప్పును క్రొత్త పొలమునకు తీసికొనిపోవుటయే.

అధికారులు అడుగకున్నను గ్రామస్థులడుగవచ్చును. వేసవిలో మరమ్మతు పనుల జాబితా గ్రామసభ ముందుకు వచ్చినప్పుడు, నీరు వచ్చు వాలు ఎన్ని యెకరములు, దినమునకు మట్టమెంత తగ్గుచున్నది, అడుగున ఒండ్రు ఎంత మందమున్నది, ఒక్క తడికి ఎంత నేల పారును అను నాలుగు అంకెలు అంచనా పత్రపు మొదటి పుటలో ఉన్నవో లేవో చదివించి వినుడు. లేనిచో ఆ పనికి ఆమోదముద్ర వేయకుడు.